అయిదుకి అయిదు

రెండేళ్ళ కిందట ఆగస్టు చివర్లో ఒక అమ్మాయి సూళ్లూరుపేటలో మా ఇంటికొచ్చి, తన ఫోను నా చేతిలో పెట్టి, "మేడమ్, ఇది నింపడానికి కాస్త సాయం చేస్తారా, రేపటితో గడువైపోతుంది" అంది. ఇంటర్‌లో రెండేళ్ళు నా దగ్గర తెలుగు చదువుకున్న పిల్ల. ఇప్పుడు తిరుపతిలో బి.ఎస్సీ. ఆ వేసవిలో ఒక విదేశీ విశ్వవిద్యాలయం డిగ్రీ విద్యార్థుల కోసం సొంతంగా నడిపే పరిశోధన కార్యక్రమానికి వెళ్ళి, పది వారాలుండి, వచ్చి అప్పటికి పన్నెండు రోజులు. వాళ్ళు పంపిన అభిప్రాయ పత్రం అది. ముప్పై ఒక్క ప్రశ్నలు. ప్రతి ప్రశ్న కిందా ఒకటి నుంచి అయిదు దాకా అంకెలు. నేను కళ్ళజోడు వెతుక్కునేలోపే ఆమె వరసగా అన్నిటికీ అయిదు నొక్కుకుంటూ పోయింది. సాయం కావల్సింది చిట్టచివరి ప్రశ్నకి. మీ అనుభవాన్ని మీ మాటల్లో రాయండి, అయిదు వందల అక్షరాలకి మించకుండా, అని ఉందక్కడ.

ఒక నవల చేతికొస్తే అందులో ఎవరి గొంతు వినిపిస్తోంది, ఎవరిది వినిపించడం లేదు అని వెతకడం పరిశోధన రోజుల నుంచీ నాకు అలవాటు. ప్రశ్నపత్రాన్ని అలా చదవకూడదని ఎక్కడా లేదు కదా. వసతి ఎలా ఉంది, మార్గదర్శకులు అందుబాటులో ఉన్నారా, పరిశోధకురాలిగా మీ మీద మీకు నమ్మకం పెరిగిందా, పై చదువులకి మా విశ్వవిద్యాలయానికి రావాలనుకుంటున్నారా. ఈ చివరిదాని దగ్గర ఆగిపోయాను. మిగిలిన ముప్పై ప్రశ్నలూ దీని చుట్టూ కట్టిన ప్రహరీలాగా కనిపించాయి.

దీన్ని ఆ ఒక్క విశ్వవిద్యాలయం తప్పుగా చూడనక్కర్లేదు. ఈ కార్యక్రమాల పుట్టుకలోనే ఆ ఉద్దేశం ఉంది, దాన్ని వాళ్ళు దాచుకోలేదు కూడా. కెనడాలో మైటాక్స్ సంస్థ నడిపే గ్లోబలింక్ 2009లో బ్రిటిష్ కొలంబియాలో మన దేశపు విద్యార్థులతోనే మొదలైంది. పన్నెండు వారాలు అక్కడ పని చేసి వెళ్ళినవాళ్ళు మళ్ళీ పై చదువులకి కెనడాకే వస్తే వాళ్ళకోసం వేరే ఫెలోషిప్ కూడా పెట్టారు. జర్మనీ వాళ్ళ డాడ్ సంస్థ 'వైజ్' పేరుతో మన సైన్స్, ఇంజనీరింగ్ విద్యార్థులని వేసవిలో రెండు మూడు నెలలు పిలుస్తుంది. అమెరికాలో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంతో కలిసి 2007లో మొదలైన కార్యక్రమానికి ఖొరానా పేరు పెట్టారు. ఆ పేరు దగ్గర కాసేపు ఆగాలనిపిస్తుంది. 1945లో భారత ప్రభుత్వ ఫెలోషిప్ మీద లివర్‌పూల్ వెళ్ళిన హరగోవింద ఖొరానా, 1949లో తిరిగొచ్చి ఇక్కడ ఉద్యోగం దొరక్క మళ్ళీ వెళ్ళిపోయాడు. 1960 నుంచి 1970 దాకా విస్కాన్సిన్‌లో పని చేశాడు, మధ్యలో 1968లో నోబెల్ వచ్చింది. సొంత దేశం చోటివ్వలేకపోయిన మనిషి పేరుతో పిల్లల్ని బయటికి పంపడం గౌరవమో, ఒప్పుకోలో తేల్చుకోవడం కష్టం.

ఎవరు వెళ్ళగలరు అన్నది అసలు ప్రశ్న. 'వైజ్'కి అర్హత ఉన్న సంస్థల జాబితా ఒకటుంది. ఐఐటీలు, ఎన్ఐటీలు, ఐసర్లు, అలాంటివి మరికొన్ని. జాబితాలో మీ కాలేజీ లేకపోతే మీకెన్ని మార్కులొచ్చినా లెక్కలోకి రావు. ఉన్నా, అక్కడి ఆచార్యుడి దగ్గర్నుంచి ఆహ్వాన పత్రం మీరే సంపాదించుకోవాలి. అంటే ముక్కూ మొహం తెలియని మనుషులకి ఇంగ్లీషులో ఉత్తరాలు రాయాలి, జవాబు రాకపోతే మళ్ళీ రాయాలి, సిగ్గుపడకూడదు. 'అడిగితే ఏమనుకుంటారో' అని నేర్పి పెంచిన ఆడపిల్లలకి ఈ ఒక్క మెట్టే ఎంత ఎత్తో మనకి తెలుసు. గ్లోబలింక్ ఇక్కడ కొంత నయం. ఆచార్యులే తమ ప్రాజెక్టులు ముందు పెడతారు, విద్యార్థి ఎంచుకుంటుంది. పైగా మానవీయ శాస్త్రాలకి కూడా అందులో చోటుంది. నేను చెప్పిన మిగిలిన వాటిలో తెలుగు చదివే అమ్మాయికి తలుపే లేదు. మన దేశంలోని మూడు సైన్స్ అకాడమీలు 2007 నుంచి కలిసి ఇస్తున్న వేసవి ఫెలోషిప్ రెండు నెలలది. అది ఏ కాలేజీ పిల్లలకైనా, వాళ్ళకి చెప్పే టీచర్లకి కూడా తెరిచి ఉంది. సరిహద్దు దాటదు కాబట్టి దానికి మెరుపు తక్కువ. సూళ్లూరుపేటలాంటి ఊరికి పనికొచ్చేది మాత్రం అదేనని నా అభిప్రాయం. కానీ అదీ సైన్సుకే.

అన్నిటిలోనూ ఉమ్మడిగా ఉన్న మాట 'వేసవి'. ఈ మాటని నేను మొదట పట్టించుకోలేదు. వేసవిలో విద్యార్థికి చేతినిండా తీరిక ఉంటుందనే ఊహ మీద కదా ఇదంతా నిలబడింది. మన ఇళ్ళల్లో వేసవి ఎవరికి తీరిక? ఆవకాయలూ వడియాలూ పెళ్ళిళ్ళూ పురుళ్ళూ అన్నీ ఆ రెండు నెలల్లోనే. పులికాట్ ఒడ్డు ఊళ్ళల్లో అయితే సరస్సు ఉత్తరపు వైపు నీళ్ళు తగ్గి నేల తేలే కాలం అది. దొరికిన చేపని ఎండబెట్టి అమ్ముకోవడానికి ఇంట్లో ఉన్న ఆడచేతులన్నీ కావాలి. కాలేజీకి సెలవులిచ్చారంటే కొడుకు ఖాళీ అయ్యాడని, కూతురు చేతికందిందని అర్థం. ఈ అమ్మాయి పది వారాలు లేకపోతే ఆ పని వాళ్ళమ్మ మీదా, పదో తరగతి చదివే చెల్లెలి మీదా పడింది. ఆ పది వారాల ఫెలోషిప్‌లో ఈ ఇద్దరి వాటా ఏ లెక్కలోనూ కనపడదు. మన విశ్వవిద్యాలయాల సెమిస్టర్ పరీక్షలు మే దాటి సాగడం, వాళ్ళ కార్యక్రమాలు మేలోనే మొదలవడం వేరే తలనొప్పి. అది ఆడా మగా అందరికీ ఉన్నదే.

ఇక నా తప్పు సంగతి. దరఖాస్తుతో పాటు ఒక వ్యాసం పెట్టాలి, మీకు సైన్సు మీద ఆసక్తి ఎలా కలిగిందో రాయమంటారు. ఈ అమ్మాయి మొదటిసారి రాసుకొచ్చిన చిత్తుప్రతి నా దగ్గర ఇంకా ఉంది. వాళ్ళమ్మ చేపలు ఎండబెట్టడం గురించి రాసింది. నీళ్ళు నోట్లో వేసుకుని చూసి ఈ వారం ముఖద్వారం తెరుచుకుందో పూడిందో చెబుతుందట. చేపకి ఎంత ఉప్పు పట్టించాలో దాన్నిబట్టి తేల్చుకుంటుందట. రాయదొరువు దగ్గర ఇసుక మేట వేసి సముద్రపు నీళ్ళు లోపలికి రాకపోతే సరస్సులో ఏమవుతుందో మా ప్రాంతంలో పుస్తకాలు చదవని వాళ్ళకీ తెలుసు. ఆ తెలివి ఎక్కడిదో తెలుసుకోవాలని నాకు సైన్సు చదవాలనిపించింది, అని ముగించింది. ఇంగ్లీషు అడ్డదిడ్డంగా ఉంది కానీ మాట సూటిగా ఉంది.

నేనేం చేశానంటే, అదంతా కొట్టేశాను. "ఎంపిక చేసేవాళ్ళకి ఇది అర్థం కాదమ్మా, జాలి కోసం రాసినట్టుంటుంది" అన్నాను. మరేం రాయాలని అడిగింది. శ్రీహరికోట ఉంది కదా అన్నాను. చిన్నప్పుడు మేడ మీదకెక్కి రాకెట్ పోవడం చూశావు కదా, కిటికీ తలుపులు అదరడం, ఆకాశంలో తెల్లటి చార, అది రాయి. రాసింది. 1971 అక్టోబరులో మొదటి చిన్న రాకెట్ పైకి లేచిన దగ్గర్నుంచి 2023 జూలైలో చంద్రయాన్-3 దాకా మా ఊరి పేరు బయటివాళ్ళకి తెలిసింది ఆ చార వల్లే. ఎంపికైంది. రాకెట్ వల్ల ఎంపికైందో, చేప ఉన్నా ఎంపికయ్యేదో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. కానీ వాళ్ళమ్మని ఆ కాగితం మీదనుంచి తుడిచేసింది ఏ అమెరికా వాడో జర్మనీ వాడో కాదు. స్త్రీల అనుభవమే జ్ఞానమని పదేళ్ళుగా సెమినార్లలో మాట్లాడుతున్న నేను. ఆ రాకెట్ కేంద్రం కోసం శ్రీహరికోట దీవి నుంచి లేచి బయటికి రావల్సి వచ్చిన యానాదుల గురించి కూడా సెమినార్లలో మాట్లాడాను. ఆ అడవిలో ఏ వేరు దేనికి పనికొస్తుందో వాళ్ళకి తెలిసినంతగా ఎవరికీ తెలియదని చెప్పాను. దరఖాస్తు ముందుకొచ్చేసరికి నా కలం మాత్రం వేరే సిద్ధాంతం ప్రకారం నడిచింది.

ఆ పది వారాలూ ఆమె చేసిన పని ఇది. ఒక సముద్రతీరపు చిత్తడినేలలో పెట్టిన యంత్రాలు పంపే ఉప్పదనం, వేడి, లోతు లెక్కల్లో తప్పుల్ని ఏరి శుభ్రం చేయడం. పులికాట్‌కి దగ్గరగా ఉందని తనే ఆ ప్రాజెక్టుని ఎంచుకుంది. లెక్కలు శుభ్రం చేయడం పరిశోధనలో భాగమే, అందులో అవమానం లేదు. అయితే ఆ జట్టులో ఆరుగురుంటే శుభ్రం చేసే పని ముగ్గురు అమ్మాయిలకీ, నమూనా కట్టే పని ముగ్గురు అబ్బాయిలకీ వచ్చిందని ఆమె మామూలుగా చెప్పింది, ఫిర్యాదులా కాదు. ఆరో వారం సమావేశంలో, ఒకచోట ఉప్పదనం ఒక్కసారిగా పెరగడం యంత్రం తప్పు కాకపోవచ్చు, నీళ్ళు వచ్చే దారి మూసుకుపోయి ఉండొచ్చు, మా ఊళ్ళో అలాగే జరుగుతుంది అని చెప్పిందట. ఆచార్యుడు మర్యాదగా విని, అది ఆసక్తికరమైన కథ, కానీ మనకి ఆధారం కావాలి అన్నాడట. రెండు వారాల తర్వాత ఒక అబ్బాయి ఆ దారి ఫొటోలు తెచ్చి చూపిస్తే ఆధారం అయింది. చివరి ప్రదర్శనలో ఆమె పేరు కృతజ్ఞతల్లో ఉంది.

"మరి అయిదెందుకు పెట్టావే?" అన్నాను. మార్గదర్శకత్వం అన్నచోట అయిదు, జట్టులో సమానంగా చూశారా అన్నచోట అయిదు. ఆమె నన్ను వింతగా చూసింది. "నాలుగు పెడితే మళ్ళీ మా కాలేజీ నుంచి ఎవర్నీ తీసుకోరేమో కదా మేడమ్" అంది. ఇంకో సంగతి కూడా చెప్పింది. అదే ఆచార్యుడి సిఫారసు ఉత్తరం రేపు ఆమెకి కావాలి. పత్రంలో పేరు అడగలేదు నిజమే, కానీ ఆ ఏడు మన దేశం నుంచి వెళ్ళింది ఇద్దరే, అందులో అమ్మాయి తనొక్కతే.

ఇలాంటి కార్యక్రమాలని అంచనా కట్టే పద్ధతుల గురించి అమెరికాలో చాలా రాశారు. డిగ్రీ విద్యార్థులకి పరిశోధన అనుభవం ఇచ్చే పథకాన్ని వాళ్ళ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 1987లో మొదలుపెట్టింది. 2004లో డేవిడ్ లొపాటో ప్రశ్నావళితోనూ, ఎలెన్ సెమూర్ బృందం ఇంటర్వ్యూలతోనూ చేసిన అధ్యయనాలు బాగా పేరుపొందాయి. రెండిట్లోనూ విద్యార్థులు లాభాలే ఎక్కువగా చెప్పారు. సెమూర్ పరిశీలనల్లో నాకు ముఖ్యమనిపించింది ఒకటుంది. ఈ అనుభవం పిల్లల్లో కొత్తగా పరిశోధనాసక్తి పుట్టించడం కంటే, ముందే ఉన్న ఆసక్తిని ఖాయపరచడమే ఎక్కువ అన్నది. అంటే దారి చూసుకున్నవాళ్ళకి దారి ఇంకాస్త తేటపడుతుంది. దారి ఉందని తెలియనివాళ్ళ సంగతి అలాగే ఉండిపోతుంది. 2017లో అక్కడి నేషనల్ అకాడమీలు వేసిన నివేదిక కూడా, ఈ రుజువుల్లో చాలా భాగం విద్యార్థులు తమ గురించి తాము చెప్పుకున్న మాటలేనని ఒప్పుకుంది.

ఇదే సెమూర్ అంతకుముందు 1997లో నాన్సీ హ్యూయిట్‌తో కలిసి 'టాకింగ్ అబౌట్ లీవింగ్' అనే పుస్తకం వేసింది. సైన్సు చదువుల్లో చేరి మధ్యలో వదిలేసిన వాళ్ళతో కూర్చుని మాట్లాడి రాసిన పుస్తకం. నాకు ఆ పద్ధతి నచ్చుతుంది. మన చేతికొచ్చే అభిప్రాయ పత్రాలన్నీ వెళ్ళొచ్చినవాళ్ళకే అందుతాయి. ఎంపికై కూడా పాస్‌పోర్టు సమయానికి రానివాళ్ళకి అందవు. (2022 ఏప్రిల్‌లో మా ఊరు నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. ఒక కాగితంలో ఒక జిల్లా, ఇంకో కాగితంలో ఇంకో జిల్లా ఉన్న పిల్లలు ఎంత తిరిగారో నాకు తెలుసు.) తాతయ్య పోయాడనో, పెళ్ళిచూపులనో ఆగిపోయినవాళ్ళకి అందవు. దరఖాస్తు పెట్టనేలేని వాళ్ళ మాట సరేసరి.

అభిప్రాయ పత్రంలో పట్టనిది బాధ మాత్రమే కాదు, ఆనందం కూడా. నువ్వక్కడ సంపాదించుకున్నదేంటో నిజంగా చెప్పు అంటే ఆమె చాలాసేపు ఆలోచించి, "తాళంచెవి" అంది. ప్రయోగశాలకి ఆమె పేరు మీద ఒక తాళంచెవి ఇచ్చారు. ఏ రాత్రి ఎప్పుడైనా తెరుచుకుని వెళ్ళొచ్చు, ఎవర్నీ అడగక్కర్లేదు. పదకొండు గంటలకి తాళం వేసి, రోడ్డు వెంట ఇరవై నిమిషాలు ఒక్కతే నడిచి గదికి పోయేదట. "మొదటి వారం భయంతో నడిచాను, రెండో వారం ఊరికే నడిచాను మేడమ్" అంది. కాళంగి ఒడ్డున మా చెంగాళమ్మ గుడికి తలుపులుండవు, రాత్రీ పగలూ తెరిచే ఉంటుందని మా ఊరివాళ్ళు గొప్పగా చెప్పుకుంటారు. ఆ ఊళ్ళోనే ఈ పిల్ల ఆరు దాటితే ట్యూషన్ నుంచి తమ్ముడి తోడు లేకుండా ఇంటికి రాకూడదు. ఆ ఇరవై నిమిషాల నడకకి నేను పదికి పది ఇస్తాను. ముప్పై ఒక్క ప్రశ్నల్లో అది అడిగిన ప్రశ్న లేదు.

అందుకే ఈ కార్యక్రమాలు వలసవాదపు కొత్త రూపం, వద్దు అనేసి చేతులు దులుపుకోవడం నాకు చేతకాదు. మన మిత్రులు కొందరు అలా అంటారు. వాళ్ళలో చాలామందికి విదేశాల్లో ఒకటి రెండు సెమిస్టర్ల అనుభవం ఉండటం యాదృచ్ఛికం అనుకుంటాను. దూరం వెళ్ళి చూడటం మన ఆడవాళ్ళకి కొత్త కోరికేం కాదు. మద్రాసు నుంచి ఇంగ్లండ్ వెళ్ళొచ్చిన పోతం జానకమ్మ రాఘవయ్య తెలుగులో రాసుకున్నది 1876లో 'పిక్చర్స్ ఆఫ్ ఇంగ్లండ్' పేరుతో ఇంగ్లీషులో అచ్చయింది. అక్కడ చూసేది జానకమ్మ, చూడబడేది ఇంగ్లండ్. ఆమె చేతికి ఎవరూ గుండ్రాలున్న కాగితం ఇవ్వలేదు. నాయని కృష్ణకుమారి 'కాశ్మీర దీపకళిక' చదివిన వాళ్ళకి, ఆడపిల్లల జట్టు ఒకటి ఇల్లు విడిచి బయల్దేరితే అదెంత చదువో ఎవరూ చెప్పక్కర్లేదు. తేడా ఎక్కడంటే, వాళ్ళు తిరిగొచ్చి తమకోసం, మనకోసం రాశారు. ఈ అమ్మాయి తిరిగొచ్చి తనని పిలిచినవాళ్ళ కోసం రాస్తోంది, అదీ అయిదు వందల అక్షరాల్లో.

పరిశోధనంటే ప్రయాణం కావాలనీ లేదు. స్త్రీశక్తి సంఘటన వాళ్ళు తెలంగాణ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళ దగ్గరికి టేప్‌రికార్డరు పట్టుకుపోయి కూర్చుని, వాళ్ళ మాటల్ని వాళ్ళ మాటల్లోనే దించి 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' వేశారు. అది 1989లో ఇంగ్లీషులోకి వెళ్ళాక ప్రపంచంలో ఎక్కడెక్కడి తరగతి గదుల్లోనో పాఠమైంది. అక్కడ చెప్పినవాళ్ళ పేర్లు కృతజ్ఞతల్లో కాదు, పుస్తకంలోనే ఉన్నాయి. వేసవి రెండు నెలలు సూళ్లూరుపేట, తడ, దొరవారిసత్రం పిల్లలు పదిమందిని పులికాట్ ఒడ్డు ఆడవాళ్ళ దగ్గర కూర్చోబెట్టడానికి ఎంత ఖర్చవుతుందో నేను లెక్క వేశాను. బస్సు ఛార్జీలు, మధ్యాహ్నం భోజనం, పిల్ల ఇంటి పని మానినందుకు ఇంటికి ఇవ్వాల్సిన భృతి. ఈ మూడోదాన్ని నేను పట్టుబట్టి రాశాను. ఒక సంస్థకి పంపాను కూడా. ప్రతిపాదన బాగుంది కానీ 'అంతర్జాతీయ భాగస్వామి' లేరని తిప్పి పంపారు.

ఆ సాయంత్రం మేం ఇద్దరం కూర్చుని ఆ చివరి పెట్టె నింపుతుండగా ఆమెని తీసుకుపోవడానికి వాళ్ళమ్మ వచ్చింది. కూర్చోమన్నా కూర్చోకుండా గడప పట్టుకుని నిలబడి, "అంత దూరం పొయ్యి మా పాప ఏం చేసొచ్చిందో మీరన్నా చెప్పండమ్మా, అడిగితే లెక్కలు కడిగినానంటది" అంది. నేను చెప్పడం మొదలుపెట్టాను. నీళ్ళల్లో ఉప్పెంతుందో కొలిచే యంత్రాలు, అవి తప్పు చెబితే పట్టుకోవడం. ఆమె నవ్వి, "ఆ పనికి అంత దూరం పోవాల్నా?" అంది. కాసేపాగి, "సన్నబడింది. కానీ పెద్దగా మాట్లాడతా ఉంది ఇప్పుడు, వాళ్ళ నాయనతో కూడా" అంది. అది మెచ్చుకోలో భయమో ఆ గొంతులో విడదీయలేకపోయాను. రెండూ అయి ఉంటాయి. అప్పటికే ఒక సంబంధం వాళ్ళు, పిల్ల విదేశం ఒంటరిగా పోయొచ్చిందని వెనక్కి తగ్గారట. ఇంకొకరు అదే కారణానికి ముందుకొచ్చారట. రెండూ వద్దని పిల్లే చెప్పేసిందట.

చివరి పెట్టెలో ఆమె రాసింది నేను దిద్దలేదు. ఉప్పు పెరగడం గురించి ఆరో వారంలో తను చెప్పిన మాట, ఆ తారీఖుతో సహా రాసి, అది మా అమ్మ నేర్పింది అని పెట్టింది. కృతజ్ఞతలు చెప్పింది. వ్యాకరణం రెండుచోట్ల తప్పింది. అంకెలు మాత్రం అన్నీ అయిదులే ఉంచింది, అవి మార్చమని నేనూ అనలేదు.

ఈ ఏడాది ఇంకో అమ్మాయి వ్యాసం నా బల్ల మీద ఉంది. తడ దగ్గరి పల్లెటూరి పిల్ల. మొదటి పేరాలోనే రాకెట్ ఉంది. ఎవరు చెప్పారమ్మా ఇది రాయమని అంటే, "ముందు పోయిన అక్క వ్యాసం చూసి రాశాను మేడమ్" అంది.